నోరు మూసుకున్న బోర్డు

ఆ రోజు పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. లిఫ్టు తలుపులు నడిపే సర్క్యూట్ బోర్డు, స్టార్టయ్యే ప్రతిసారీ కంప్యూటర్ తెరమీద వాగే సందేశాల సోదిని ఆపెయ్యాలి. మూడింటికల్లా బడికి వెళ్లి నాటకంలో కూతుర్ని చూడాలి. పోయినసారి వెళ్లలేకపోయాడు. ఈసారీ రాకపోతే తనతో మాట్లాడొద్దని ఆ పిల్ల ముందే తేల్చేసింది.

బోర్డు నుంచి తెరకు అక్షరాలు మోసే ప్రోగ్రామును ఏళ్లుగా సాకుతున్నది ఆయనే. ఆఫీసులో ఆయన పేరు మౌనస్వామి. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఒక్క లైను మార్చాడు. ఒక్క లైనుకి పరీక్ష దేనికనుకుని అందరి బోర్డులకీ పంపించాడు, ఎవరికీ చెప్పకుండా.

కాసేపటికి టెస్టింగ్ అమ్మాయి వచ్చింది. "సార్, తెరమీద ఒక్క అక్షరం రావట్లేదు. బోర్డు పోయినట్టుంది."

కేబుల్ మార్చారు. కరెంటిచ్చే డబ్బా మార్చారు. ఇంకో బోర్డు తెచ్చారు, అదీ మూగదే. హార్డ్‌వేర్ ఆయన బంగారంలాంటి చిప్పును ఊడబెరికి, కొత్తది అతికించి, వేలు కాల్చుకున్నాడు. మేనేజరు లారీకెక్కిన బోర్డుల సరుకంతా దింపించాడు. తప్పు తేలేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదన్నాడు.

తాను ఆపింది సోదిని మాత్రమేనని మౌనస్వామికి గట్టి నమ్మకం. నిజానికి ఆపింది మొత్తం నోటినే. పాపం, ఆ సంగతి తెలియక, ప్రోగ్రాము ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కనుక్కోవడానికి అడుగడుగునా 'ఇక్కడికొచ్చాను' అని తెరమీద రాయమన్నాడు. ఒక్కటీ కనబడలేదు. అంటే బోర్డు మొదటి అడుగే వెయ్యలేదని తేల్చాడు. మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు.

ఈ గొడవలో మోగిన మౌనస్వామి ఫోను ఎవరికీ వినబడలేదు. ఆయన పలక్కపోయేసరికి ఏ ప్రమాదం జరిగిందోనని భార్య ఆటోలో పరుగెత్తుకొచ్చింది. నిక్షేపంలాంటి మొగుణ్ణి చూసి, చేతిసంచీని విసురుగా బల్లమీద పడేసింది. సంచీ అడుగున ఏదో మీట నొక్కుకుంది. బల్ల చివరున్న నమూనా లిఫ్టు తలుపులు బుద్ధిగా తెరుచుకున్నాయి, మళ్లీ మూసుకున్నాయి.

ఆవిడ సంచీ తీసి ఆ మీట మళ్లీ నొక్కి చూసింది. మళ్లీ తెరుచుకున్నాయి.

"పనిచేస్తోంది కదండీ. ఏమైందని ఇంత గొడవ?"

"అది... మాట్లాడట్లేదు," అన్నాడు మౌనస్వామి.

"మాట్లాడకపోతే చచ్చిపోయినట్టేనా? అలాగైతే నేను మిమ్మల్ని రోజూ ఎన్నిసార్లు పూడ్చిపెట్టాలి?"

హార్డ్‌వేర్ ఆయన కాలిన వేలు మరిచిపోయి నవ్వాడు. మేనేజరు సరుకు మళ్లీ ఎక్కించమని పరుగెత్తాడు. తాను మూసింది బోర్డు నోటినేనని అప్పుడు అర్థమైన మౌనస్వామి, పొద్దున మార్చిన లైనును మళ్లీ మునుపటిలా పెట్టి, సోదిలో ఒకే ఒక్క ముక్క మిగిల్చాడు. నాటకం తెర ఎత్తే వేళకి ఇద్దరూ బడిలో ఉన్నారు. రాజుగారి పక్కన నిలబడ్డ కూతురు తండ్రిని చూసి, వేషం మరిచిపోయి చెయ్యి ఊపింది. ఆయనకి కడుపు నిండిపోయింది.

ఇప్పుడా బోర్డు స్టార్టవగానే తెరమీద 'బతికే ఉన్నాను' అని వస్తుంది. రోజూ మధ్యాహ్నం ఆయన్నుంచి ఆవిడ ఫోనుకి కూడా.