నాలుక పోయింది, గల్లీ బాగుపడింది

అయ్యలారా, అమ్మలారా! కరోనా మనకు చేసిన మేళ్లలో పెద్దది ఏది? ఆఫీసుకు పోకుండా జీతం తీసుకోవడమా? కాదు. పిలవని చుట్టం రాకపోవడమా? అదీ కాదు. నాలుకకు రుచి, ముక్కుకు వాసన తెలియకుండా పోవడం! లోకమంతా దాన్ని రోగలక్షణమని గుండెలు బాదుకుంది. నేను మాత్రం అది ఇరుగుపొరుగుకు పట్టిన మహర్దశ అంటాను. నన్నడిగితే ఏడాదికో నెల అందరి నాలుకలూ మొద్దుబారాలని సర్కారు జీవో ఇవ్వాలి!

నవ్వుతున్నారా? అయితే మాదన్నపేట మార్కెట్ వెనక గల్లీలో, మొదటి అంతస్తులో ఉండే వైకుంఠం సేట్ సంగతి వినండి. విన్నాక కూడా నవ్వు ఆగకపోతే మీ ఇష్టం.

వైకుంఠం తాతల నాటి నుంచి మసాలా దినుసుల వ్యాపారి. కానీ గల్లీలో ఆయనకు దుకాణం కంటే పెద్ద హోదా ఒకటుంది. ఎవరింట్లో ఏ ఫంక్షన్ అయినా, వంటమాస్టర్ గరిటె పట్టుకుని ముందు ఆయన దగ్గరికి రావాలి. ఆయన అరచేతిలో కాస్త పోయించుకుని, నాకి, కళ్లు మూసుకుంటాడు. గల్లీ మొత్తం ఊపిరి బిగబట్టి చూస్తుంది. "ఉప్పు ఇంకో పిడికెడు" అని ఆయన నోట వచ్చాకే విస్తళ్లు పడతాయి. పెళ్లికొడుకు ఆలస్యమైతే సర్దుకుంటారు గాని, వైకుంఠం ఆలస్యమైతే వడ్డన ఆగిపోతుంది!

ఇంతటి నాలుకకు ఒక్కటే జబ్బు. ఏటా క్రిస్మస్ రోజున పూసేది.

ఎదురింట్లో కింద నీలమ్మ ఉంటుంది. భర్త ఇశ్రాయేలు నల్లా నీళ్ల శాఖలో ఫిట్టర్. గల్లీలో ఏ ఇంట్లో నల్లా రాకపోయినా అర్ధరాత్రి అనకుండా వచ్చి చూసే మనిషి. పండుగనాడు నీలమ్మ డబ్బా నిండా కేకు, గారెలు పెట్టి పైకి పంపేది. సరిగ్గా అదే పొద్దున వైకుంఠానికి నోరు పూసేది! "జర నోరు మంచిగలేదు నీలమ్మా" అని డబ్బా తిప్పి పంపేవాడు. రంజాన్‌కు అదే గల్లీ మున్నీ ఆపా షీర్ ఖుర్మా పాయసం పంపితే అప్పటికప్పుడు షుగర్ వచ్చేది. పండుగ దాటగానే రెండూ నయం! ఇందులో వేరే కారణం ఏదో ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నోరు పూయడమనేది పూర్తిగా వైద్యానికి సంబంధించిన విషయం కదా?

అలాంటి ఇంటికి కరోనా వచ్చింది. వైకుంఠానికీ, ఆయన భార్య సుశీలకూ ఒకేసారి పాజిటివ్. ఎవరో వచ్చి గుమ్మానికి కాగితం అంటించి, తలుపు వేసుకోమని చెప్పి వెళ్లారు.

ఇక చూడండి బంధుప్రేమ! చాంద్రాయణగుట్టలో ఉన్న సొంత చుట్టాలు వాట్సాప్‌లో దండాలు పెట్టారు, పువ్వులు పంపారు, దీపాలు వెలిగించారు. పక్క మేడ బుచ్చయ్య ఉన్నాడే, వైకుంఠంతో కలిసి పెరిగినవాడు, ఒకే కులం, ఒకే బజార్, రోజూ పేకాట. ఆయన తన కిటికీ సందులకు టేపు వేసుకున్నాడు! గాలి కూడా స్నేహితుడి ఇంటి నుంచి రాకూడదన్నంత ప్రేమ అన్నమాట.

సుశీలకు ఒళ్లు కాలిపోతోంది, లేచి నిలబడలేదు. హోటళ్లు బంద్. వైకుంఠం జీవితంలో మొదటిసారి పొయ్యి వెలిగించి ఉప్మా చేశాడు. గిన్నె తిరగేసినా అది కిందపడలేదు. జగమంతటి వంటలకు వంకలు పెట్టిన మనిషి, మాడిన గిన్నె ముందు కూర్చుని నిజంగానే ఏడ్చాడు. అప్పుడు గల్లీలోంచి కేక వినిపించింది.

"సుశీలమ్మా! ఓ సుశీలమ్మా! గంప దించు!"

గంప అంటే తెలుసు కదా? మేడ మీది ఆడవాళ్లు తోపుడు బండి మీద కూరగాయలు కొనడానికి తాడు కట్టి కిందికి వదిలే బుట్ట. వైకుంఠం దించాడు. పైకి లాగితే అందులో వేడి వేడి అన్నం, పప్పు, చారు! కింద నీలమ్మ మాస్కు సర్దుకుంటూ అరిచింది.

"కొత్త గిన్నెల వండిన సేట్! నీసు తగలలే. ఫికర్ చెయ్యకుండ్రి!"

వైకుంఠం ఆ గంప వైపు నయాపూల్ కోర్టు నుంచి సమన్లు వచ్చినట్టు చూశాడు. కడుపు రమ్మంటోంది, కాళ్లు వద్దంటున్నాయి. ఏం జబ్బు చెప్పాలి? ఉన్న జబ్బు కంటే పెద్దది ఆయనకు గుర్తుకు రాలేదు. మంచంలోంచి సుశీల నీరసంగా అడిగింది.

"మీకు రుచి తెలుస్తుందా?"

"లే."

"వాసన?"

"అది గూడ లే."

"మరింక లొల్లి ఏంది? మీ నాలుకకే తెలుస్తలేదు, దేవునికేం తెలుస్తది! తినుండ్రి."

ఆహా! తలపాగాలు చుట్టుకున్న పండితులు తేల్చలేని చిక్కును, నూటమూడు జ్వరంలో ఒక ఇల్లాలు తేల్చేసింది! రుచి తెలియనప్పుడు తిన్నది తిండే కాదు, మందు. మందుకు కులమేమిటి, గిన్నె ఏమిటి? వైకుంఠం తిన్నాడు. వేళ్లు కూడా నాకాడు.

"ఎట్లుంది సేట్?" కింద నుంచి నీలమ్మ.

గల్లీ ఊపిరి బిగబట్టింది. ఎన్నడూ మెచ్చుకోని నోరు అది. కానీ ఉప్పు ఎక్కువో తక్కువో తెలిస్తే కదా వంక పెట్టడానికి!

"మస్తుగుంది నీలమ్మా!"

ఆ మాటకు గల్లీలో పూనకం వచ్చింది! మున్నీ ఆపా కిచిడీ పంపింది, మస్తు. చివరింటి కొమురమ్మ చారు పంపింది. దాన్నే ఒకప్పుడు నలుగురిలో "స్నానం నీళ్లు" అన్నాడు వైకుంఠం. ఇప్పుడు అదీ మస్తు! కొమురమ్మ నడివీధిలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఆ తర్వాత గల్లీ అందరికీ చారు పోసింది. కషాయాలకైతే లెక్కే లేదు. అల్లంతో ఒకరు, వాముతో ఒకరు, ఏ ఆకో చెప్పకుండా ఒకరు. అన్నీ మస్తే! ఒక్క మనిషి నాలుక మొద్దుబారితే ఎన్ని ఇళ్లల్లో వెలుగో చూశారా?

కానీ సుఖం ఎన్నాళ్లుంటుంది? ఒక మధ్యాహ్నం గంపలో పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు వచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకోగానే పులుపు చుర్రుమంది. వెనకాలే వెల్లుల్లి తాళింపు, ఎండుమిరపకాయ ఘాటు, అన్నీ ఒక్కసారిగా నాలుక మీదికి ఎగబడ్డాయి. వైకుంఠం కళ్లవెంట నీళ్లు కారాయి. ఇంత కమ్మని పప్పు తన జన్మలో తినలేదు! ఇన్నేళ్లూ పది అడుగుల దూరంలో ఉడుకుతున్న పప్పు!

మరుక్షణం గుండె గుభేలుమంది. రుచి వచ్చిందంటే మందు కాస్తా మళ్లీ తిండి అయిపోయింది కదా! ఇప్పుడు ఎలా తినడం? సుశీల ఏమంటుంది? వైకుంఠం వెంటనే మొహం బండరాయిలా పెట్టి, గడ్డి నములుతున్నట్టు నమలడం మొదలుపెట్టాడు. లోపల నాలుక గంతులేస్తోంది, బయట మూతి మూగనోము పట్టింది.

అలా కొన్నాళ్లు గడిచింది. ఒకరోజు భార్యాభర్తలిద్దరూ బండరాళ్లలా ఎదురెదురుగా కూర్చుని తింటుండగా సుశీల నోరు జారింది.

"ఇయ్యాల పులుపు జర తగ్గింది."

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. వైకుంఠం భార్యను చూశాడు. భార్య పళ్లెంలోకి చూసింది.

"నీకెప్పుడొచ్చింది రుచి?"

"మీకెప్పుడొచ్చింది? తాళింపు మిరపకాయలు ఏరుకోని ఏరుకోని తింటున్నరు, నేను చూస్తలేనా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయన కంటే ముందే ఆమెకు రుచి వచ్చిందట! మొగుడికి తెలిస్తే గంప ఆగిపోతుందని దాచిందట! ఆ నవ్వుల్లో గిన్నె ఖాళీ అయిపోయింది.

ఇంతలో పిడుగు పడింది. రిపోర్ట్ నెగటివ్! గల్లీలో చప్పట్లు కొట్టారు, మిఠాయి పంచారు, బుచ్చయ్య కిటికీ టేపు పీకేశాడు. గంప మాత్రం పైకి రావడం మానేసింది. రోగం తగ్గిన ఇంటికి ఎవరు వండి పంపుతారు? మర్నాడు నీలమ్మ ఇంట్లోంచి వెల్లుల్లి తాళింపు వాసన మేడెక్కి వచ్చింది. బాల్కనీలో వైకుంఠానికి కాలు నిలవలేదు. అడగాలంటే సిగ్గు, అడగకపోతే ఆకలి. అటూ ఇటూ చూసి, గట్టిగా దగ్గాడు. ఖళ్ళు ఖళ్ళు!

నీలమ్మ గడపలోకి వచ్చి తల ఎత్తింది.

"సేట్, ఆ దగ్గు రోగందా, ఆకలిదా?"

వైకుంఠం ఇంకోసారి దగ్గబోయి మధ్యలోనే ఆపేశాడు.

"ఆకలిదైతే గంప ఎందుకు? మెట్లు దిగి రాండ్రి. పీటలేస్త."

దిగారు! సుశీల ముందు, వైకుంఠం వెనక. ఇశ్రాయేలు పీటలు వాల్చాడు. గడప పక్కన, గల్లీ అంతటికీ కనబడేలా కూర్చుని వైకుంఠం మొదటి ముద్ద కలిపాడో లేదో, పై నుంచి బుచ్చయ్య గొంతు పడింది.

"ఏంది వైకుంఠం! రిపోర్ట్ మంచిగొచ్చె గదా, ఇంక ఆడ తింటున్నవేంది?"

వైకుంఠం చేతిలోని ముద్ద పళ్లెంలోకి జారింది. నోరు మాత్రం తడబడలేదు, దానికి అలవాటే.

"రుచి ఇంక రాలే బుచ్చన్నా! ఏం తింటున్ననో నాకే తెలుస్తలేదు!"

"గట్లనా! అయితే తిను, తిను," అన్నాడు బుచ్చయ్య, నిశ్చింతగా.

నీలమ్మ చేతిలో గరిటె ఆగింది. పప్పుగిన్నె మెల్లగా తన వైపు లాక్కుంది.

"రుచి తెల్వనోళ్లకు పప్పెందుకు సేట్, దండుగ. ఇన్నేండ్ల సంది డబ్బా పోయినట్టే తిరిగొస్తుండె. మూత గూడ తీయకపోతిరి. మాకు ఎరుక గాదా?" ఇశ్రాయేలు తల దించుకున్నాడు.

వైకుంఠం పళ్లెం చూశాడు, నీలమ్మను చూశాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఎంగిలి చేత్తోనే లేచి గల్లీ నడిమధ్యకు నడిచాడు. ఫంక్షన్లలో చెప్పే గొంతుతోనే, ఇంకా గట్టిగా అరిచాడు.

"బుచ్చన్నా! అబద్ధమాడిన! రుచి వచ్చింది, ఎప్పుడో వచ్చింది! నీలమ్మ చేతి పప్పు అసోంటి పప్పు ఈ గల్లీల ఎవ్వరింట్ల లేదు! నా ఇంట్ల గూడ లేదు!"

"నాకు గూడ వచ్చింది!" వెనక నుంచి సుశీల.

కిటికీలన్నీ తెరుచుకున్నాయి. నీలమ్మ కళ్లు తుడుచుకుని గిన్నె ముందుకు జరిపింది.

"ఒర్రింది చాలు, కూసోండ్రి. చల్లారుతుంది."

చూశారా మహమ్మారి మహిమ! ఒక సేట్ ఎదురింట్లో కూర్చుని పప్పన్నం తినడానికి దేశమంతా తాళం పడాల్సి వచ్చింది. విమానాలు ఆగాయి, ఎన్నో ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి. అంత జరిగాక ఆయన మెట్లు దిగాడు! మిగతా గల్లీల మాటేమిటి? ఇన్ని మహమ్మారులు ఎక్కడి నుంచి తేగలం? దేవుడు దయ తలచి ఇంకొకటి పంపాలని నా ప్రార్థన. అది వద్దంటే, ఏ రోగమూ లేకుండానే మెట్లు దిగిపోవడమనే దారి ఒకటుంది. కానీ అది చాలా కష్టమట. బుచ్చయ్య ఇంకా కిటికీలోనే నిలబడి ఉన్నాడు, గుటకలు మింగుతూ.