తల ఊపినంత సమానత్వం

స్త్రీ పురుష సమానత్వం సెకన్లలో కొలవదగిన పదార్థమని ఆ వార్తా చానల్ ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకు కనుగొంది. తెర మీద ఆడవాళ్ళు సగం సేపయినా కనపడని చానళ్ళ లైసెన్సు సంగతి ఆలోచించాల్సి వస్తుందని పైనుంచి ఉత్తరం వచ్చింది పది గంటలకు. ఈ రెంటికీ సంబంధం లేదని యాజమాన్యం అడక్కుండానే చెప్పింది. సాయంత్రానికల్లా సమాన ప్రాతినిధ్య సంఘం ఏర్పడింది. సభ్యులు ఏడుగురు, ఏడుగురూ మగవాళ్ళే. (ఆడవాళ్ళనీ పిలుద్దామనుకున్నారు గానీ, ఆ సమయానికి వాళ్ళంతా పనిలో ఉన్నారు.)

ఆ చానల్లో పదకొండేళ్ళుగా వాతావరణం చెబుతున్న ఆవిడని అందరూ వానమ్మ అంటారు. మేకప్ గదిలో ఎవరో సరదాకి పెట్టిన పేరు; అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఎండా వానా గాలీ చెప్పి రెండు నిమిషాల్లో పక్కకు తప్పుకోవడం ఆవిడ ఉద్యోగం. సాయంత్రం ఏడు గంటల వార్తలు చదవాలన్నది ఆవిడ కోరిక. తొమ్మిదిసార్లు దరఖాస్తు పెట్టుకుంది. తొమ్మిదిసార్లూ ఎడిటర్ గారు, "నీ గొంతు బాగుంటుందమ్మా, కాదనను. కానీ ఏడు గంటల వార్తలకి కాస్త బరువుండాలి" అన్నారు. బరువంటే ఏమిటో వివరించలేదు. ఆ వార్తలు చదివే సీనియర్ గారు మాత్రం తొంభై ఆరు కిలోలుండేవారు.

సంఘం పుట్టిన మర్నాడే ఎడిటర్ గారు ఆవిడని పిలిచారు.

"రేపట్నుంచి ఏడు గంటలకి నువ్వూ కూర్చుంటున్నావమ్మా. సీనియర్ గారి పక్కనే, సమానంగా. కుర్చీల ఎత్తు కూడా దగ్గరుండి కొలిపించాను."

వానమ్మకి కాళ్ళు నేల మీద ఆనలేదు. "నేనేం చదవాలి సార్?"

"చదవడం ఆయన చూసుకుంటారు. నువ్వు తల ఊపాలి."

మిగతా నిబంధనలు సెకన్ల అధికారి చదివి వినిపించాడు. సంఘం కొత్తగా సృష్టించిన పదవి అది. మెడలో స్టాప్‌వాచీ, చేతిలో రిజిస్టరు. ప్రమాద వార్తలకు నెమ్మదిగా ఊపాలి. ఆటల వార్తలకు చిరునవ్వు కలిపి ఊపాలి. రాజకీయాలకు ఊపీ ఊపనట్టు ఊపాలి. రిజిస్టరులో 'కనపడిన సమయం' అని ఒక గడి ఉంది. 'వినపడిన సమయం' గడి లేదు, ఉత్తరంలో అడగలేదు గనక.

మొదటి వారానికే మహిళా ప్రాతినిధ్యం నూటికి యాభై దాటింది. సంఘం తనను తాను అభినందించుకుంటూ ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇంట్లో వానమ్మ తల్లి మాత్రం టీవీ బాగుచేసే అతన్ని పిలిపించింది.

"ఏమేవ్, టీవీ పాడైంది. మీ సీనియర్ గారి మాట వినపడుతోంది, నీది వినపడ్డం లేదు."

"టీవీ బాగానే ఉందమ్మా."

"మెకానిక్కూ అదే అన్నాడు. మరి పాడైంది ఏమిటే?"

 వానమ్మ కంచం ముందేసుకుని తింటూ, తల్లి ప్రతి మాటకీ తను తల ఊపుతున్నానని గమనించి చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

మూడో వారం గురువారం, ఏడూ నాలుగు నిమిషాలకి సీనియర్ గారికి వెక్కిళ్ళు పట్టుకున్నాయి. ఊరి మంచినీళ్ళ పైపులో మురుగు కలిసిందన్న వార్త ఆయన నోట మూడు ముక్కలై, మూడో ముక్క దగ్గర ఆగిపోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని కెమెరా ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. వానమ్మ కాగితం తన వైపు లాక్కుంది. అప్పటికే నీళ్ళ శాఖ ఇంజనీరు ఫోనులో ఉన్నాడు.

"నీళ్ళు తాగొచ్చా, తాగకూడదా?" అని అడిగింది.

"పరిస్థితిని నిశితంగా పరిశీలిస్తున్నామండి..."

"సరేనండి. తాగొచ్చా?"

"భయపడాల్సిన అవసరం..."

"మా ఇంట్లో అమ్మ గ్లాసు పట్టుకుని కూర్చునుంది. తాగమనమంటారా?"

ఇంజనీరు గొంతు తగ్గించాడు. "వద్దండీ. తాగించకండి."

ఊళ్ళో వేల ఇళ్ళలో గ్లాసులు కింద పెట్టారు. నలభై ఒక్క నిమిషాలు ఆవిడే చదివింది: ఏ వీధుల్లో నీళ్ళు చెడ్డాయో, ట్యాంకర్లు ఎక్కడికొస్తాయో, పిల్లలకి వాంతులైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో. ఆ రోజు ఆ చానల్ చూసినంతమంది ఇంకే రోజూ చూడలేదు.

మర్నాడు ఆవిడకి సంజాయిషీ నోటీసు అందింది. 'ఏడూ నాలుగు మొదలు ఏడూ నలభై ఐదు వరకు తెర మీద ఒంటరిగా ఉండి, పురుషుల ప్రాతినిధ్యాన్ని సున్నాకు దించి, సమానత్వానికి భంగం కలిగించినందుకు...' సంఘం ఎదుట నిలబెట్టారు.

"వార్తేమైనా తప్పు చదివానా సార్?" అంది వానమ్మ.

"లేదమ్మా" అన్నారు ఎడిటర్ గారు నొచ్చుకుంటూ. "తప్పు చదివుంటే ఏదో పొరపాటని వదిలేసేవాళ్ళం."

"ఆ నలభై ఒక్క నిమిషాలూ సర్దాలి" అన్నాడు సెకన్ల అధికారి. "ఒక వారం పాటు మీరు కనపడకుండా పక్కన నిలబడి ఊపితే సరిపోతుంది."

"కనపడనప్పుడు ఊపడం ఎందుకండీ?"

"అలవాటు తప్పకుండా."

వానమ్మ మొదటిసారి తల అడ్డంగా ఊపింది. ఆ ఊపుడికి రిజిస్టరులో గడి లేదు. అధికారి కలం పైకెత్తి అలాగే ఉండిపోయాడు. ఆవిడ బల్ల మీద కాగితం తీసుకుని, నిలబడే రెండు వాక్యాల రాజీనామా రాసి, దాన్ని గట్టిగా చదివి వినిపించి మరీ ఇచ్చి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా ఊరి రేడియోలో సాయంత్రం వార్తలకి చేరింది. అక్కడ ఆవిడని అసలు పేరుతో పిలుస్తారు. మొదటి రెండు రోజులు ఆ పేరుకి ఆవిడే పలకలేదు.

చానల్ ఏమీ ఇబ్బంది పడలేదు. పాత టేపు ఒకదానిలోంచి ఆవిడ తల ఊపిన ముక్కలు ఏరి, అతికించి, సీనియర్ గారి పక్కన రోజూ ఆడిస్తున్నారు. మహిళా ప్రాతినిధ్యం యాభై రెండుకు పెరిగింది. ఆవిడ అక్కడ లేదన్న సంగతి ప్రేక్షకులెవరూ కనిపెట్టలేదు గానీ, మూడు నెలల్లో ఫిర్యాదు ఉత్తరాలు మాత్రం నాలుగు వందలు వచ్చాయి: ఆ అమ్మాయి రోజూ అదే నీలం కోటు వేసుకొస్తోందని.