ఆరో తరగతిలో ఫస్టు నేనే

ఆన్‌లైన్ చదువును తిట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది పిల్లల్ని పాడుచేసిందట, కళ్ళజోళ్ళు పెట్టించిందట, బద్ధకం నేర్పిందట. ఏం మాటలండీ ఇవి! ఆ చదువే లేకపోతే, నెత్తిన వెంట్రుకలు సగం రాలిపోయిన ఈ వయసులో నేను ఆరో తరగతిలో ఫస్టు వచ్చేవాడినా?

చిన్నప్పుడు ఇదే ఆరో తరగతి నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. లెక్కల మాస్టారు నావైపు చూస్తే చాలు, కింద పడిపోయిన పెన్సిలు వెతుక్కుంటూ బెంచీ కిందికి దూరేవాణ్ణి. పెన్సిలు తెచ్చుకోని రోజుల్లో కూడా. అలాంటివాణ్ణి ఇవాళ చెయ్యెత్తకుండా, నోరు విప్పకుండా, అసలు తెర మీద కనబడకుండానే సైన్సులో పూర్తి మార్కులు కొట్టేస్తున్నాను. దీన్ని విద్యావిప్లవం అనకపోతే ఇంకేమంటారు?

సంగతి మొదటినుంచీ చెబుతాను. మా అమ్మాయి బడిలో ఇప్పుడు మిశ్రమ విద్య నడుస్తోంది. వారంలో రెండు రోజులు పిల్లలు బడికి వెళతారు. మిగతా రోజులు బడే ఇంటికి వస్తుంది. మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, పొద్దున్నే వెళ్ళిపోతుంది. నేను ఇంట్లో కూర్చుని ఇలాంటి వ్యాసాలు రాస్తుంటాను. అంటే మా ఆవిడ లెక్క ప్రకారం ఖాళీగా ఉంటాను.

"నెట్ పోకుండా చూడండి చాలు. ఇంకేం చెయ్యక్కర్లేదు," అని చెప్పి వెళ్ళేది పాపం. ఇంకేం చెయ్యక్కర్లేదన్న మాట ఏ తండ్రి చెవికి ఎక్కింది గనక, నా చెవికి ఎక్కడానికి?

ముందు ఈ చదువులో ఉన్న సుఖాలు చెప్పుకుందాం. పైన ఇస్త్రీ చేసిన యూనిఫారం చొక్కా, కింద రాత్రి పడుకున్నప్పటి పైజామా. బస్సు తప్పిపోయే బాధ లేదు, ఎందుకంటే బస్సే లేదు. బడిగంట కూడా అక్కర్లేదు, ఎవరి వంటింట్లో కుక్కర్ కూసినా క్లాసంతా ఇంటర్వెల్ అనుకుని లేచిపోతుంది. ఇక వ్యాయామం సంగతంటారా? ఒకరోజు డ్రిల్లు టీచరు "ఉన్నచోటే పరిగెత్తండి" అంటే కింది ఇంటివాళ్ళు తమ సీలింగు ఊడిపడుతోందని పైకి పరిగెత్తుకొచ్చారు. వచ్చి చూస్తే పరిగెడుతున్నది నేను! అమ్మాయి కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతోంది.

తెర మీద గడులు గడులుగా పిల్లలుంటారు. ఒక్కో గడిలో ఒక్కరే ఉన్నారని నమ్మితే మీరు ఉత్త అమాయకులు. పై వరసలో కళ్ళజోడు కుర్రాడి వెనక కర్టెన్ కదిలితే అది గాలి కాదు, వాళ్ళ పెదనాన్న. రెండు జడల పిల్ల ఎక్కం చెబుతూ మాటిమాటికీ తల దించుకుంటే అది వినయం కాదు, బల్ల కింద వాళ్ళమ్మ. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అందరం తాగుతున్నాం. టీచరమ్మకి తెలియదని మా అందరి గట్టి నమ్మకం.

వాళ్ళంతా ఒక ఎత్తు, నేనొక ఎత్తు. నాది పద్ధతి ప్రకారం జరిగే పని. ల్యాప్‌టాప్ వెనక, అమ్మాయికి ఎదురుగా, బియ్యం డబ్బా మీద కూర్చుంటాను. చెవి పట్టుకుంటే 'అవును'. ముక్కు పట్టుకుంటే 'కాదు'. అంకెలైతే వేళ్ళు. పెద్ద జవాబులైతే పెదవులు కదుపుతాను. 'కిరణజన్య సంయోగక్రియ' అని శబ్దం లేకుండా ఎదుటివాళ్ళకి అర్థమయ్యేట్టు ఎప్పుడైనా చెప్పి చూశారా? దవడలు పట్టేస్తాయి. చదువంటే మరి కష్టపడాలి కదా!

ఫలితం ఊరికే పోలేదు. "వెరీ గుడ్ అమ్మా" అని టీచరమ్మ రోజూ అనేది. ఆ మాటకి బియ్యం డబ్బా మీద నేను సిగ్గుపడేవాణ్ణి. 

ఒక్కసారి మాత్రం చిన్న పొరపాటు జరిగింది. చంద్రుడికి సొంత వెలుగు ఉందా అని టీచరమ్మ అడిగింది. ముక్కు పట్టుకోవాల్సినవాణ్ణి, ఉత్సాహం ఆపుకోలేక "లేదండీ!" అని పైకే అనేశాను. మైకు ఆన్‌లో ఉంది.

"గొంతు అలా ఉందేమిటమ్మా? జలుబు చేసిందా?" అంది టీచరమ్మ.

"అవును టీచర్," అంది మా అమ్మాయి, నావైపు చూడకుండా.

మరి అబద్ధం ఆడాక నిలబెట్టుకోవాలి కదా. ఆ తర్వాత ఎన్నాళ్ళో పాపం క్లాసు మొదలవగానే దగ్గేది. ఎప్పుడెప్పుడు దగ్గాలో కూడా నేనే సైగ చేసేవాణ్ణి. 

ఇలా నా చదువు మూడు పువ్వులూ ఆరు కాయలుగా సాగుతుండగా బడినుంచి ఫోన్ వచ్చింది. "ఇంటినుంచి అంత చక్కగా చెప్పే పిల్ల, బడికొస్తే నోరు విప్పదేమిటండీ? ప్రశ్న అడిగితే చెవులూ ముక్కూ చూస్తూ నిలబడుతుంది, నావి. నా మొహం మీద ఏమైనా అంటిందా అనుకుంటున్నాను," అంది టీచరమ్మ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం మనకి రక్తంలో ఉంది. "మేమేం నేర్పలేదండీ," అన్నాను, ఆవిడ అడక్కుండానే. 

ఆవిడ అది వదిలేసి అసలు సంగతి చెప్పింది. బళ్ళన్నీ కలిసి పెట్టే సైన్సు క్విజ్‌కి మా అమ్మాయిని ఎంపిక చేశారట. మార్కుల్లో ఫస్టు కదా మరి! పోటీ ఆన్‌లైన్‌లో కాదు, పెద్ద హాల్లో, అందరి ముందూ. 

ఆ సాయంత్రం ఈ కబురు చెప్పి నేను ఎగిరి గంతెయ్యబోతుంటే, మా అమ్మాయి కంచంలో వేళ్ళతో గీతలు గీస్తూ "నేను వెళ్ళను నాన్నా," అంది.

"అదేంటే, ఎందుకు?"

"అక్కడికి నువ్వు రాలేవు కదా."

ఎంతో మామూలుగా అంది. గొడుగు లేకుండా వానలోకి వెళ్ళలేనని చెప్పినట్టు చెప్పింది. ఈ పిల్ల రెండో తరగతిలో స్టేజీ ఎక్కి, పద్యం మర్చిపోయి, తనే ఇంకొకటి కల్పించి చెప్పేసి దిగిన పిల్ల. ఆ నోరు ఏమైంది? ఎవరెత్తుకుపోయారు? వెతకడానికి పోలీసులు అక్కర్లేదు. దొంగ బియ్యం డబ్బా మీదే కూర్చున్నాడు. కంచే చేను మేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మా ఆవిడ కంచాలు తీస్తూ అంది: "మా ల్యాబుకి పిల్లల్ని తీసుకొస్తారు. సూది చూసి పిల్లాడు భయపడుతున్నాడని వాళ్ళ నాన్న తన చెయ్యి చాపితే, ఆయన రక్తం తీసి పిల్లాడి పేరు మీద రిపోర్టు ఇమ్మంటారా?"

"రిపోర్టు అయితే బాగానే వచ్చేది కదా," అన్నాను, ఓడిపోయేవాడు అనే మాటే.

"మీకు షుగర్ ఉంది. అదీ బాగుండదు," అని, అమ్మాయి వైపు తిరిగి, "అమ్మలూ, రేపట్నుంచి తలుపేసుకుని కూర్చో. నాన్న బయట," అని తేల్చేసింది.

మర్నాడు బియ్యం డబ్బా వంటింట్లోకి, నేను తలుపు బయటికి వెళ్ళిపోయాం. కాగితం ముందేసుకుని రాస్తున్నట్టు కూర్చున్నాను గానీ చెవులు రెండూ తలుపుకే అంటుకున్నాయి. లోపల సైన్సు పాఠం నడుస్తోంది.

"గబ్బిలాన్ని పక్షి అందామా, ఇంకేమైనా అందామా?" అని టీచరమ్మ మా అమ్మాయినే అడిగింది.

అలవాటు చొప్పున నా ముక్కు నేనే పట్టుకున్నాను. చూసేవాళ్ళెవరూ లేరు, ఎదురుగా చెక్క తలుపు.

"పక్షి టీచర్," అంది మా అమ్మాయి.

నా పై ప్రాణం పైనే పోయింది. లేచి తలుపు పిడి మీద చెయ్యి వేసేశాను కూడా. పిల్లలంతా ఘొల్లుమన్నారు. వద్దు, ఆ ఘొల్లు నేను భరించలేను, ఒక్క అంగుళం తలుపు తీసి ఒక్క మాట అందిస్తే చాలనుకున్నాను. ఈలోగా టీచరమ్మ అంది: "ఎందుకని అనుకుంటున్నావమ్మా?"

"రెక్కలున్నాయి కదా టీచర్. ఎగురుతుంది కదా."

"మరి గుడ్లు పెడుతుందా?" అన్నాడెవడో. కళ్ళజోడు కుర్రాడే అయ్యుంటాడు, లేదా వాళ్ళ పెదనాన్న.

"నేను చూళ్ళేదు. నువ్వు చూశావా?" అంది మా అమ్మాయి.

మళ్ళీ నవ్వులు. వాటిలో దాని నవ్వు కూడా ఉంది. టీచరమ్మ నవ్వుతూనే "అయితే అందరూ కనుక్కుని రండి, రేపు తేల్చుకుందాం," అంది. అంతే, పిల్లలు ఒకరి మీద ఒకరు పడి వాదించుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళందరి మధ్యా మా అమ్మాయి గొంతే పెద్దగా వినిపిస్తోంది. జలుబు ఎటుపోయిందో.

పిడి మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాను. నేను అందించిన అన్ని జవాబుల్లోనూ ఒక్కదానికైనా టీచరమ్మ 'ఎందుకని' అని అడగలేదు. సరైన జవాబుని ఎవరడుగుతారు? 'వెరీ గుడ్' అని పక్క గడిలోకి వెళ్ళిపోతారు. నేను పిల్లకి అరటిపండు ఒలిచి చేతిలో పెడుతున్నాననుకున్నాను. తినేసింది నేనే, చేతిలో పెట్టింది తొక్క.

క్లాసయ్యాక తలుపు తీసుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "నాన్నా, నేను క్విజ్‌కి వెళ్తా."

"తప్పు చెప్పావు కదే!"

"విన్నావా?"

"లేదు."

"వినకుండా తప్పని ఎలా తెలిసింది?" అని నడుం మీద చేతులు వేసుకుంది, అచ్చం వాళ్ళమ్మలాగే. "గబ్బిలం సంగతి నేనే కనుక్కుంటా. నువ్వు చెప్పకు. ఒట్టు వెయ్యి."

ఒట్టు వేశాను.

అందుచేత పాఠకులారా, ఆన్‌లైన్ చదువు వరమేనని ఇప్పటికీ నొక్కి చెబుతున్నాను. నెట్ పోయినా, కళ్ళు పోయినా నాకు అభ్యంతరం లేదు. అందులో లోపం ఒక్కటే. బడికి గోడలు కట్టింది పిల్లలు బయటికి పారిపోకుండా అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నాలాంటివాళ్ళు లోపలికి రాకుండానట! ఆ గోడ తీసుకెళ్ళి మా ఇంట్లో కట్టమని ఏ బడినడిగినా కట్టరు. మా ఆవిడ కట్టింది గనక సరిపోయింది.

ఇచ్చిన మాట మీద నిలబడ్డాను. అమ్మాయికి ఒక్క ముక్క చెప్పలేదు. కానీ నా నోట్లో నువ్వుగింజ నానదు, ఎవరో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేట్టున్నాను. గబ్బిలం పక్షి కాదండీ. క్షీరదం. పిల్లని కంటుంది, పాలు తాగిస్తుంది. పుట్టిన కొత్తలో పిల్లని పొట్టకి హత్తుకునే ఎగురుతుందట, తర్వాత తనంతట తనే వదిలేస్తుందట. ఈ ఆఖరి సంగతి పాఠంలో లేదు, నేనే వెతికి తెలుసుకున్నాను.

మీరు మాత్రం మా అమ్మాయికి చెప్పకండి.