డిక్కీలో ఆవిడ

ఆ ఉదయం నిదానం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. టైముకి ఇంట్లోంచి బయల్దేరాలి, ఊరి ఆ చివరనున్న పళ్ల డాక్టర్ని కారెక్కించుకోవాలి, పదింటికల్లా బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టి డ్రైవింగు పరీక్ష ఇప్పించాలి. ఇంకెవరికైనా ఇది నల్లేరు మీద నడకే. మాస్టారికి మాత్రం దారి పొడుగునా కెమెరాలు అడ్డొస్తున్నాయి.

మాస్టారిది డ్రైవింగు స్కూలు. కారు నెత్తిమీద ‘నిదానమే ప్రధానం’ అని పెద్ద బోర్డు ఉంటుంది. ఆయనకా పేరు రావడానికి కారణం ఆ బోర్డే తప్ప ఆయన స్వభావం కాదు. పక్కన శిష్యుడుంటే చీమలకి దారిచ్చి మరీ నడిపిస్తారు. ఒక్కరే ఉంటే మాత్రం కుడికాలికి పూనకం వస్తుంది. స్పీడు కెమెరాలు ఆయన్ని ఇప్పటికి రెండుసార్లు ఫొటో తీశాయి. రెండింటిలోనూ కారు మసగ్గా, బోర్డు స్పష్టంగా పడ్డాయి. మూడో ఫొటో పడితే లైసెన్సు ఆరు నెలలు సస్పెండవుతుంది. లైసెన్సు లేని మాస్టారి దగ్గర బండి నేర్చుకోవడానికి బుర్ర ఉన్నవాడెవడూ రాడు. కాబట్టి మూడో ఫొటో అంటే స్కూలు మూతపడటమే.

అందుకే బావమరిదిని పిలిపించారు. బావమరిది కంప్యూటర్లు బాగుచేసే కొట్లో రాత్రి డ్యూటీ చేస్తాడు. మాస్టారి దగ్గరున్న జీపీఎస్ పెట్టెని, అరచేతిలో ఇమిడే పాతకాలపు సరుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది దారి చెప్తుంది గానీ కెమెరాల సంగతి చెప్పదు బావా. ఊళ్లో ఎక్కడెక్కడ కెమెరాలున్నాయో ఆ ఫైలు నెట్లోంచి దింపి ఇందులోకి ఎక్కిస్తాను. కెమెరా దగ్గర పడగానే ఇదే అరుస్తుంది. ఏ చప్పుడు పెట్టమంటారు? గంట ఉంది, సైరన్ ఉంది, కోడికూత కూడా ఉంది."

"గంటలకీ కోడికీ ఆగే కాలా ఇది?" అన్నారు మాస్టారు నిజాయితీగా.

"మరి దేనికి ఆగుతుంది?"

మాస్టారు వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "మీ అక్క కేకకి."

ఇందులో అబద్ధం లేదు. పాతికేళ్ల కాపురంలో ఆయన ఆ ఒక్క కేకకి ఎన్నడూ ఎదురు నడవలేదు. అయితే ఆవిడని కూర్చోబెట్టి ‘ఒకసారి కేకెయ్యి’ అని అడిగే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు. బావమరిది తెలివైనవాడు. అక్క హాలు తుడిచి బకెట్టు పక్కన పెట్టగానే పెట్టెలో రికార్డు నొక్కి, బావని ఆ తడి మీదుగా నడిచి రమ్మని సైగ చేశాడు. మాస్టారు అడుగు వెయ్యబోయారు.

"ఆగండి! అక్కడే ఆగండి! కళ్లు కనిపించట్లేదా?"

మాస్టారు గాల్లో ఒక కాలితో ఆగిపోయారు. కిటికీ మీది పిచ్చుకలు కూడా ఆగిపోయాయి. "ఒక్క టేకుతో అయిపోయింది," అని మురిసిపోయాడు బావమరిది. ఆవిడ ఇవేమీ తెలియక తడి బట్టలు ఆరెయ్యడానికి మేడమీదకి వెళ్లింది.

ఎక్కించినదాన్ని పరీక్షించాలి కదా. ఇంటి పక్కన కెమెరా లేదు. అందుకని బావమరిది కెమెరా ఎంత దూరంలో ఉన్నా అరిచేలా దూరాన్ని పెంచాడు, నడిచే మనిషికి కూడా అరిచేలా వేగాన్ని తగ్గించాడు. పెట్టె పట్టుకుని హాల్లో నడిచాడు. అది అరిచింది. ఆగాడు. అదీ ఆగింది. పని అయిపోయిందన్న సంతోషంలో దొంగలు ముట్టుకోకుండా నాలుగంకెల తాళం కూడా వేసి, ఇంటికెళ్లి ఫోన్ ఆపేసి పడుకున్నాడు. దూరాన్నీ వేగాన్నీ మళ్లీ మామూలు చెయ్యాలన్న సంగతీ, తాళం అంకెలు బావకి చెప్పాలన్న సంగతీ ఆ నిద్రలో కలిసిపోయాయి.

మాస్టారు కారు కదిలించారు. "ఆగండి! అక్కడే ఆగండి!" ఠక్కున ఆగారు. చుట్టూ చూశారు. కెమెరా లేదు. కదిలించారు. "ఆగండి!" ఆగారు. ఊరంతా కెమెరాలే, పెట్టెకేమో ఊరంత దూరం కనిపిస్తోంది. వీధి చివరికి చేరేసరికి వెనక బండ్లవాళ్లు అద్దాలు దించి ఆయన వంశంలో తరతరాల్నీ తలుచుకున్నారు. పెట్టె ఆపబోతే తాళం అంకెలడిగింది. పెళ్లిరోజు నొక్కారు, ఒప్పుకోలేదు. బావమరిదికి ఫోన్ చేశారు, మోగలేదు. చివరికి పెట్టెకి పాత తువ్వాలు చుట్టి, డిక్కీలో వేసి, ధడాలున మూసి, హమ్మయ్య అనుకున్నారు. ముందు సీట్లోకి ఇప్పుడది సన్నగా, లీలగా మాత్రమే వినిపిస్తోంది. డిక్కీ పక్కన నడిచేవాళ్లకి ఎలా వినిపిస్తుందో అన్నది ఆయనకి తట్టలేదు.

పళ్ల డాక్టరు ఊళ్లోవాళ్ల పళ్లన్నీ జంకులేకుండా పీకుతాడు గానీ స్టీరింగు పట్టుకుంటే ఆయన పళ్లే టకటకలాడతాయి. మాస్టారు ఆయనకి నేర్పగలిగింది ఒక్కటే. ‘ఆగండి’ అన్న మాట చెవిన పడితే ఎవరన్నారు, ఎందుకన్నారు అని ఆలోచించకుండా బ్రేకు తొక్కెయ్యడం.

బ్రేకు ఇన్‌స్పెక్టరు కాగితాలు ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక మాస్టారు, చేతులు జోడించుకుని.

"పోనివ్వండి."

కారు కదిలింది. వెనకనుంచి ఎక్కడో ఆడగొంతు అరిచింది. డాక్టరు బ్రేకు తొక్కాడు. సరిగ్గా అప్పుడే ఒక ముసలాయన రోడ్డు దాటుతున్నాడు. "భేష్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. మళ్లీ కదిలింది, మళ్లీ అరుపు, మళ్లీ బ్రేకు. ఎదురుగా ఒక కుక్క ఒళ్లు విరుచుకుంటోంది. "మంచిదే, జీవకారుణ్యం," అన్నాడు. మూడోసారి ముసలాయనా లేడు, కుక్కా లేదు.

"ఇప్పుడెందుకు ఆగారు?"

"ఆవిడ ఆగమన్నారు కదండీ," అన్నాడు డాక్టరు.

ఇన్‌స్పెక్టరు మొహం విప్పారింది. "అయితే మీకూ వినిపిస్తోందా? మా ఆవిడ వారంనుంచీ పుట్టింట్లో ఉంది. అయినా వినిపిస్తోందేమిటా అని హడలి చస్తున్నాను." మరుక్షణం మొహం ముడుచుకుంది. "ఇంతకీ ఎవరావిడ?"

మాస్టారు జవాబు వెతుక్కునేలోపే కూడలి దగ్గరి కానిస్టేబులు పరిగెత్తుకొచ్చి బానెట్ మీద చెయ్యి వేశాడు. "దిగండి! డిక్కీలో ఎవర్నో పెట్టి తీసుకుపోతున్నారని ఇద్దరొచ్చి చెప్పారు. నేనూ విన్నాను. తియ్యండి!"

తీశారు. స్టెప్నీ టైరు, జాకీ, తువ్వాలు మూట. చప్పుడు లేదు. మూశారు. డాక్టరు కంగారులో బ్రేకు మీంచి కాలు తీశాడు, కారు కాస్త దొర్లింది. "ఆగండి! అక్కడే ఆగండి!" కానిస్టేబులు ఎగిరి గంతేశాడు. తీశారు. నిశ్శబ్దం.

"ఎక్కడ దాచావయ్యా ఆవిడని?"

"దాచలేదు బాబూ, అది మా ఆవిడ గొంతు! ఆవిడ ఇంట్లోనే ఉంది!"

"గొంతిక్కడ, మనిషి ఇంట్లోనా? ఏదీ, ఫోన్ చెయ్యి." కానిస్టేబులు ఫోన్ లాక్కుని స్పీకరు పెట్టాడు. "హలో, బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆఫీసు కూడలినుంచి పోలీసునమ్మా. మీ ఆయన మా దగ్గరున్నారు."

"అయ్యో, నమస్కారమండీ… ఏమైందండీ?" అంది ఫోన్‌లో గొంతు. కొత్తవాళ్ల కోసం ప్రతి ఇంట్లోనూ విడిగా దాచుంచే తేనెగొంతు అది. కానిస్టేబులు తల అడ్డంగా ఊపాడు. "ఈవిడెక్కడ, ఆవిడెక్కడ!"

డాక్టరు కాలు మళ్లీ బ్రేకు మీంచి జారింది. కారు మళ్లీ దొర్లింది. డిక్కీ గొంతెత్తి అరిచింది.

ఫోన్‌లోంచి తేనె పూర్తిగా ఆరిపోయిన గొంతు వచ్చింది. "ఏవండీ. ఎవరా గయ్యాళి?"

తన గొంతు బయటినుంచి వింటే ఎవరూ పోల్చుకోలేరు. అది లోకసహజం. కానీ ‘అది నువ్వే’ అని చెప్పడం ఎంత ప్రమాదమో, ‘అది నువ్వు కాదు’ అని చెప్పడం అంతకంటే ప్రమాదం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాస్టారు ఏదీ తేల్చుకోకముందే అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

కానిస్టేబులికి పట్టుదల పెరిగింది. "కదిలితేనే అరుస్తోంది కాబట్టి నేనే లోపల కూర్చుంటా. మూసి పోనివ్వండి," అని డిక్కీలోకి ఎక్కి ముడుచుకున్నాడు. కారు నడిచింది. "ఆగండి! అక్కడే ఆగండి!" "దొరికింది, దొరికింది!" "కళ్లు కనిపించట్లేదా?" "అబ్బా, నా మోకాలు!" డిక్కీలోపల ఆలుమగలు తన్నుకుంటున్నారని నలుగురూ మూగారు. డిక్కీ తెరిస్తే కానిస్టేబులు తువ్వాలు తలకి చుట్టుకుని, పెట్టె చేత పట్టుకుని బయటపడ్డాడు.

"ఏదయ్యా ఆడమనిషి? యంత్రమా ఇది?" అని పెట్టెని మాస్టారి చేతిలో పెట్టాడు. "పాపం ఎవర్ని బెదిరించి అరిపించావో, అది చెప్పు ముందు!"

మాస్టారు చెప్పబోతుండగా స్కూలు స్కూటరు రివ్వున వచ్చి ఆగింది. ఆడవాళ్లకి నేర్పడానికి మాస్టారి పేర కొన్న బండి అది. హెల్మెట్ తీసింది ఆవిడ. పెళ్లికి ముందే, మొదటి పరీక్షలోనే కారుకీ స్కూటరుకీ లైసెన్సు తెచ్చుకున్న మనిషి.

"ఎక్కడుంది?" అంది.

"నేను చెప్పేది కాస్త విను…" అంటూ మాస్టారు పెట్టె పట్టుకుని వెనక్కి నడవసాగారు. ఆవిడ ముందుకొస్తోంది, ఆయన వెనక్కి పోతున్నారు. ఆయన వీపు వెనక కాలిబాటకి అప్పుడే పోసిన సిమెంటు నిగనిగలాడుతోంది. చేతిలో పెట్టె అరిచింది. సరిగ్గా అదే క్షణంలో ఆవిడా అరిచింది.

"ఆగండి! అక్కడే ఆగండి! కళ్లు కనిపించట్లేదా?"

రెండు గొంతులూ అక్షరం తేడా లేకుండా కలిశాయి. మాస్టారు గాల్లో ఒక కాలితో ఆగారు. డాక్టరు కారు ఇంజను ఆపేసి మరీ ఆగాడు. కూడలిలో బస్సు ఆగింది, సిమెంటు పోసేవాళ్ల చేతులాగాయి, కానిస్టేబులు నమస్కారం చేస్తూ ఆగాడు.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అది… నేనా?"

"యంత్రంలో పడితే గొంతు అలా మారిపోతుంది," అన్నారు మాస్టారు మెల్లగా. "చాలా మారిపోతుందమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, తన సొంత ఇల్లు గుర్తొచ్చి.

ఆవిడ స్కూటరుకి ఆనుకుంది. "పోలీసు గొంతు వినగానే మీకేదో అయిపోయిందనుకున్నా. కోపం తర్వాతొచ్చింది. ముందు కాళ్లాడలేదు." మాస్టారు కిందికి చూశారు. ఆవిడ ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి ఆయన చెప్పు వేసుకొచ్చింది. మాస్టారికి కళ్లు చెమర్చాయి. తన కోసం ఇంత వేగంగా ఈ లోకంలో ఇంకెవరూ రారని ఆయనకి ఆ క్షణంలో తెలిసింది.

డాక్టరు పాసయ్యాడు. "నడపడం ఎవడికైనా వస్తుంది. ఇంత బాగా ఆగేవాణ్ణి నా సర్వీసులో చూళ్లేదు," అని సంతకం పెట్టాడు ఇన్‌స్పెక్టరు. కానిస్టేబులు మోకాలు రుద్దుకుంటూ వెళ్లిపోయాడు. ఆ పూటంతా మాస్టారి కారు ఎడ్లబండి వేగం దాటలేదు. కెమెరాలన్నీ ఆయన్ని చూసి ఆవులించే ఉంటాయి. గండం గడిచిందనుకున్నారు ఆయన.

వారం తిరక్కుండా మూడో ఫొటో వచ్చింది. కారుది కాదు, స్కూటరుది. వెనకనుంచి తీసిన ఫొటో. నంబరు ప్లేటు, హెల్మెట్, గాల్లో జెండాలా లేచిన పొడవాటి జడ. మాస్టార్ని ఆఫీసుకి పిలిచారు.

"బండి మీ పేర ఉంది. నడిపింది ఇంకెవరైనా అయితే పేరు చెప్పండి, వాళ్ల మీదకి మారుస్తాం," అన్నాడు అక్కడి అధికారి.

మాస్టారికి రెండు వేర్వేరు చెప్పులు కళ్ల ముందు మెదిలాయి. "నేనేనండి," అన్నారు.

"జడ ఉంది."

"ఉండేదండి."

అధికారి మాస్టారి నున్నటి బట్టతల వైపు చాలాసేపు చూశాడు. "మొన్నటిదేగా ఈ ఫొటో?"

"బెంగతో ఊడిపోయిందండి."

అధికారి కూడా పెళ్లయినవాడే. ఇంకేమీ అడక్కుండా ముద్ర వేశాడు. లైసెన్సు ఆరు నెలలు సస్పెండయింది. స్కూలు మూతపడుతుందని ఇంటికొచ్చి మంచమెక్కిన మాస్టార్ని ఆవిడ లేవదీయలేదు. కారు తాళాలు తీసుకుని పాఠాలు చెప్పడానికి తనే వెళ్లింది.

ఆ ఆరు నెలల్లో ఆవిడ శిష్యుల్లో ఒక్కరూ ఫెయిలవలేదు. చేరేవాళ్లు వరసకట్టారు. గడువు తీరి లైసెన్సు చేతికొచ్చాక మాస్టారికి ఆఫీసు గదిలో కుర్చీ వేసి, ఫీజులు తీసుకోమని కూర్చోబెట్టింది ఆవిడ.

ఆవిడ పాఠాలు చెప్పే కారుకి హారన్ చెడిపోయి చాలాకాలమైంది, ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ గమనించలేదు.