చీరల కొట్లో కాస్టింగ్ ఓటు

ఆ ఉదయం సింధూరి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కొట్టు తెరవాలి, పదింటికి నాన్న రాగానే తాళాలు ఆయన చేతిలో పెట్టాలి, పదకొండింటికి కాలేజీలో వైవాకి కూర్చోవాలి. ఎం.ఏ. చివరి ఏడు ఆమె సమర్పించిన వ్యాసం ‘లోక్‌సభ నడిచే తీరు’. రెండేళ్ళుగా ఆ పిల్ల మనిషి విజయవాడ వన్ టౌన్‌లో, మనసు ఢిల్లీలో ఉంటున్నాయి.

తండ్రి వెంకటప్పయ్యతో ఆమెకొక ఒప్పందం ఉంది. వైవా బాగా జరిగితే పీహెచ్‌డీకి హైదరాబాదు పంపిస్తాడు. చెడితే వాళ్ళ చౌడేశ్వరి శారీస్‌లో ఆమెకి శాశ్వత సభ్యత్వం.

"ఆటోనగర్‌లో పార్సిల్ విడిపించుకుని పదింటికల్లా వచ్చేస్తా," అన్నాడాయన స్కూటరెక్కుతూ. "బోణీ బేరాన్ని మాత్రం ఉత్తచేతుల్తో పంపకమ్మా. రోజంతా అట్లాగే ఏడుస్తది."

తండ్రి వెళ్ళాక సింధూరి తెల్లటి పరుపు మీద ఒక ఆకుపచ్చ పట్టుచీర పరిచి చూసింది. లోక్‌సభలో తివాచీ ఆకుపచ్చదే. రాజ్యసభలో ఎర్రది. పక్కన ఒక ఎర్రచీర కూడా పరిచింది. ఉదయపుటెండ తలుపు సందులోంచి వచ్చి జరీ మీద పడింది. బీరువాల్లో చీరలన్నీ వరసలు వరసలుగా సభ్యుల్లా సర్దుకుని కూర్చున్నాయి. సింధూరి మెల్లగా కళ్ళు మూసుకుని, అధ్యక్ష స్థానంలోకి వెళ్ళిపోయింది.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పదమూడుగురు కూర్చుని ఉన్నారు.

చల్లపల్లి నుంచి వ్యానేసుకుని పెళ్ళిచీరకి వచ్చిన బంధువర్గం అది. పెద్ద దిక్కు పద్మావతమ్మ. పెళ్ళికూతురు ఆమె మనవరాలు రాజ్యశ్రీ. బెంగళూరులో సెలవు దొరక్క వీడియో కాల్‌లో చూస్తానంది. పద్మావతమ్మ చిన్నకూతురు మాధురి మాత్రం గుంటూరు నుంచి నేరుగా వచ్చి, మూల స్టూలు మీద కూర్చుని ఏవో కాగితాలు తిరగేస్తోంది.

"మీరేది తీసుకున్నా సరే అమ్మా. నాకు పదకొండింటికి పనుంది," అంది మాధురి. ఆ మాట సింధూరి చెవిదాకా వచ్చి, లోపల ఎవరూ లేరనుకుందేమో, వెనక్కి వెళ్ళిపోయింది.

పద్మావతమ్మ ఆకుపచ్చది అంది. ఆవిడ మరిది హరిబాబు ఎర్రది అన్నాడు. పదయింది, పదింబావయింది. వెంకటప్పయ్య రాలేదు. ఫోను చేస్తే లారీ ఇంకా గన్నవరం దగ్గరే ఉందన్నాడు. కొట్టు మూద్దామంటే బోణీ కాలేదు. సింధూరి గడియారం వంక చూసింది. పోయేది తన హైదరాబాదు మరి. రెండేళ్ళుగా చదివిన చదువు అప్పుడు గుర్తొచ్చింది.

"ఇట్లా తేలదండీ," అంది. "ఒక పద్ధతి ప్రకారం పోదాం. ఆకుపచ్చ చీర కొనాలని ప్రతిపాదన. ఔనన్నవాళ్ళు ఔనండి."

పద్ధతి అనగానే అందరికీ హుషారొచ్చింది. ఔనన్నవాళ్ళు గట్టిగా అన్నారు, కాదన్నవాళ్ళు అంతకన్నా గట్టిగా అన్నారు. సింధూరి వాళ్ళని లేపి లెక్కపెట్టింది. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. మాధురి తటస్థం.

"ఇప్పుడు అధ్యక్షురాలిగా నేను కాస్టింగ్ ఓటు వెయ్యాలి," అంది సింధూరి. ఆ క్షణం కోసం ఎన్ని రాత్రులు కలగన్నదో. "ఇలాంటప్పుడు ఉన్నది ఉన్నట్టుండేలా ఓటెయ్యడం ఆనవాయితీ అండీ."

"అంటే చీర కొనొద్దంటావా?" అన్నాడు హరిబాబు.

సింధూరి తివాచీ రంగు చీరని చూసింది, గల్లాపెట్టె మీద లక్ష్మీదేవి పటం చూసింది. ఓటు ఆకుపచ్చకి వేసింది.

హరిబాబు వర్గం ఆరుగురూ వాకౌట్ చేసి, ఎదురుగా చెరుకురసం బండి దగ్గర నిలబడ్డారు. మరిది అలిగినందుకు కాదు గానీ, వాళ్ళు తనకొక్క గ్లాసైనా పంపనందుకు పద్మావతమ్మ నొచ్చుకుంది. ఇంతలో పెళ్ళికూతురు ఫోనులో కనిపించింది.

"అంచు బాలేదు నాన్నమ్మా. ఇంకోసారి ఆలోచించుకోండి."

"తిప్పి పంపడం ఒక్కసారికే అండీ," అంది సింధూరి ఫోనులోకి వంగి. "సభ మళ్ళీ పంపితే మీరు సంతకం పెట్టి తీరాలి. రాష్ట్రపతికైనా అంతే."

"మీరెవరండీ?" అంది రాజ్యశ్రీ.

మళ్ళీ ఓటు పెట్టాలంటే అలిగినవాళ్ళు లోపలికి రావాలి. పద్మావతమ్మ రాయబారం పంపింది. హరిబాబు షరతు పెట్టాడు. రిసెప్షన్‌కి ఎర్రది తీసుకుంటే పెళ్ళికి ఆకుపచ్చదానికి మద్దతిస్తారట. ఒప్పుకున్నారు. రెండు చీరలూ ఏకగ్రీవంగా నెగ్గాయి. ఇంత సేపు నిలబడి ఓటేశాం, మాకేం లేదా అని మిగిలిన ఆడవాళ్ళు తలా ఒక సవరణ ప్రతిపాదించారు. ఏడు సవరణలూ నెగ్గాయి. మధ్యలో లేచిన మాధురిని పద్మావతమ్మ మళ్ళీ కూర్చోబెట్టింది. అన్నిటికీ బిల్లు రాసేసరికి పన్నెండుంబావు అయింది. అప్పుడే వచ్చిన వెంకటప్పయ్య చేతిలో తాళాలు పెట్టి, సింధూరి ఏడుపు ఆపుకుంటూ ఆటో ఎక్కింది.

కాలేజీలో హెడ్ గారు మెట్ల మీదే పచార్లు చేస్తున్నారు. సింధూరి నోరు తెరిచేలోపే ఆయన, "ఏమనుకోకమ్మా, గుంటూరు నుంచి రావలసిన ఎగ్జామినర్ ఇంకా రాలేదు," అన్నారు.

ఇంకో ఆటో వచ్చి ఆగింది. చౌడేశ్వరి శారీస్ సంచీ చేత్తో పట్టుకుని మాధురి దిగింది. "అదుగో, వచ్చేశారు," అంటూ హెడ్ గారు మెట్లు దిగారు.

వైవాలో మాధురి వ్యాసాన్ని తెరవనే లేదు. "సభలో ఓట్లు సమానంగా వస్తే స్పీకరు ఎటు వెయ్యాలి?" అని అడిగింది.

"ఉన్నది ఉన్నట్టుండేలా వెయ్యడం ఆనవాయితీ మేడమ్."

"మరి పొద్దున?"

సింధూరి తల దించుకుంది. "పొద్దున బోణీ కాలేదు మేడమ్."

మాధురి నవ్వు దాచుకోవడానికి కాగితాల మీదికి వంగి మార్కులు వేసింది. క్లాసులో అంతకన్నా ఎక్కువ ఎవరికీ రాలేదు.

సాయంత్రం ఆ కబురు చెబుతుంటే సింధూరి కళ్ళ ముందు హైదరాబాదు రైలు కదులుతోంది. వెంకటప్పయ్య మాత్రం తొమ్మిది చీరలు ఖాళీ అయిన బీరువా వంకే చూస్తున్నాడు. ఇరవయ్యేళ్ళలో బోణీకి ఒక్క చీర మించి అమ్మి ఎరగడాయన.

"మాటిచ్చాను, వెళ్ళు," అన్నాడు చివరికి. "శ్రావణమాసం పెళ్ళిళ్ళకి మాత్రం వచ్చెయ్."

"ఆ నెల్లో పార్లమెంటు నడుస్తుంది నాన్నా. నేను చూడాలి."

"వాళ్ళు ఎటూ వాయిదా వేసుకుంటారమ్మా," అన్నాడు వెంకటప్పయ్య. "ముహూర్తాలు వాయిదా పడవు."