జీళ్ళబాబు గారికి మూడో ఉత్తరం

సాయంత్రం ఆరు కొట్టగానే, భావనారాయణ ఆ రోజు కస్టమర్లతో మాట్లాడిన మాటలన్నీ అతని బుర్రలోంచి లేచి కంపెనీ రికార్డులోకి వెళ్ళిపోతాయి. ఒక్క నిమిషం చెవుల్లో జుమ్మంటుంది, అంతే. ఆ నిమిషంలోనే అతని పేరు మీద కస్టమర్‌కి ఈమెయిలు వెళ్తుంది, 'ఈ రోజు మీతో మాట్లాడటం ఎంతో సంతోషం' అని. తర్వాత అతను టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, గుంటూరు ఆఫీసు మెట్లు దిగి, బస్సెక్కి ఇంటికి పోతాడు. ఇందులో విడ్డూరమేమీ లేదు, ఆ కంపెనీలో అందరికీ అంతే.

వాళ్ళు ఎలక్ట్రానిక్ త్రాసులు అమ్ముతారు. మునుపు సేల్స్‌వాళ్ళు ఊళ్ళు తిరిగొచ్చి, ఎవరితో ఏం మాట్లాడారో టైపు చేయలేక చచ్చేవాళ్ళు. సగం మంది ఎగ్గొట్టేవాళ్ళు. అందుకని మూడేళ్ళ కింద ఈ ఏర్పాటు తెచ్చారు. ఒకే సంగతి రెండు చోట్ల ఉంటే తేడాలొస్తాయి గనక, రికార్డుకెక్కిన సంగతి ఉద్యోగి బుర్రలో ఉండరాదని సర్క్యులర్‌లో ఆరో పాయింటు. అందరూ సంతకాలు పెట్టారు. ఆఫీసు గోల ఇంటికి మోసుకురారు కదా అని ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా సంతోషించారు.

భావనారాయణతో వచ్చిన చిక్కల్లా అతని నోరు. మనిషి మహా మాటకారి. త్రాసు గురించి నాలుగు ముక్కలు చెప్పి, సొంత కబుర్లలోకి దిగిపోతాడు. దిగితేగాని ఎవరూ కొనరు మరి! పైగా ఇంట్లో మాట్లాడటానికి ఎవరున్నారు గనక? భార్య సుభాషిణి పోయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. ఉన్న కబుర్లన్నీ దుకాణాల్లోనే చెప్పేసుకునేవాడు. మీటింగులో పలికిందల్లా మీటింగు సంగతే కాబట్టి, త్రాసు ధరతోపాటు అవీ ఆరింటికి బుర్ర ఖాళీ చేసి పోయేవి. అతని పెళ్ళి ఏ ఊళ్ళో అయిందో చిలకలూరిపేట మిల్లువాళ్ళ పేజీలో ఉంది. సుభాషిణికి ఏ కూర ఇష్టమో నరసరావుపేట ఎరువుల కొట్టు పేజీలో ఉంది.

ఒక బుధవారం పొద్దున గడ్డం గీసుకుంటూ, సుభాషిణి తనని ఏమని పిలిచేదో గుర్తుచేసుకోబోయాడు. ఏదో ముద్దుపేరు ఉండేది, నవ్వుతూ పిలిచేది. నవ్వు గుర్తుంది, పిలుపు లేదు. నురగ చెంపల మీద ఎండిపోయేదాకా అద్దం ముందు నిలబడ్డాడు. లోకంలో ఆ పేరుతో పిలిచిన మనిషి ఒక్కతే, ఇప్పుడు ఆ పిలుపూ పోతే తను ఎవరికీ ఏమీ కానట్టేనని అనిపించింది.

ఆఫీసుకెళ్ళి మేనేజర్ కోదండపాణిని అడిగాడు. ఆయన స్క్రీను చూసి, "ఉందండీ," అన్నాడు. "తెనాలి పచ్చళ్ళ కొట్టు నాగేంద్రమ్మగారి పేజీలో, 'సాన్నిహిత్య వివరాలు' కింద."

"కాస్త చదివి పెట్టండి సార్."

"కస్టమర్ వివరాలు బయటపెట్టకూడదు కదండీ."

"మా ఆవిడ నన్ను పిలిచిన పిలుపు సార్ అది!"

"కాదన్నానా? కానీ ఆవిడ పేజీలో ఉంది." కోదండపాణి మంచివాడే, టీ కూడా తెప్పించాడు. "వెళ్ళి ఆవిణ్ణే అడగండి. ఎందుకెళ్ళారన్నది కూడా విజిట్ కిందే రాసుకుందాం."

తెనాలిలో జాడీల మధ్య కూర్చున్న యాభై ఏళ్ళ మనిషి అతన్ని చూడగానే, "రా అన్నయ్యా," అంది. భావనారాయణకి ఆవిడెవరో తెలియదు.

"నమస్కారమండీ. నా పేరు..."

"తెలుసులే, కూర్చో." గ్లాసుడు మజ్జిగ చేతికిచ్చింది. "ముద్దుపేరు కోసమేగా? ఇది నాలుగోసారి. నువ్వొచ్చి వెళ్ళిన రోజల్లా ఆరింటికి ఉత్తరమొస్తుంది, ఎంత ఆప్యాయంగా రాస్తావో! ఎదురుగా వస్తే మాత్రం నమస్కారమండీ అంటావు."

"ఏమనుకోకమ్మా. ఒక్కసారి చెప్పు."

ఆవిడ గరిట పక్కన పెట్టి చెప్పింది. "పెళ్ళిచూపుల్లో జీళ్ళు పెట్టారట. తినడానికి సిగ్గేసి నాలుగు చొక్కా పక్కజేబులో వేసుకున్నావట. అసలే ఎండాకాలం. బెల్లం కరిగి, లేవబోతే చొక్కా కుర్చీకి అంటుకుపోయింది. తలుపు చాటునుంచి ఆ పిల్ల పకపకా నవ్విందట. పెళ్ళయ్యాక ఇక ఎప్పుడూ జీళ్ళబాబూ, జీళ్ళబాబూ అనే పిలిచేదట. ఆస్పత్రిలో ఆఖరిరోజున కూడా అలాగే పిలిచిందని చెప్పావన్నయ్యా."

భావనారాయణ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే భోరుమన్నాడు. ఆవిడ అతన్ని ఏడవనిచ్చింది.

"ఈసారి పోగొట్టుకోను," అన్నాడు కళ్ళు తుడుచుకుని.

"మొదటిసారి రుమాలుకి ముడేసుకున్నావు. రెండోసారి పైకి అనుకుంటూ బస్టాండు దాకా పోయావు. మొన్న ఫోను వింటుందని కట్టేసి వచ్చావు. మా త్రాసు కూడా వింటుందటగా, మీవాళ్ళే చెప్పారు."

ఇద్దరూ బల్ల మీది త్రాసు వైపు చూశారు. దాని మీద సున్నా వెలుగుతోంది. భావనారాయణ పెన్ను అడిగి తీసుకుని, ఎడం అరచేతిలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

బస్సులో దారి పొడుగునా పిడికిలి విప్పలేదు. టిక్కెట్టు కుడిచేత్తోనే తీసుకున్నాడు. కుర్చీకి అంటుకున్న చొక్కా తలుచుకుని ఒక్కడే కిసుక్కున నవ్వుతుంటే, పక్కనున్నావిడ కిటికీ వైపు జరిగింది. జరిగితే జరిగింది! అంత హాయిగా ఉండి అతనికి ఎన్నేళ్ళయిందో. నారాకోడూరు దగ్గర ఆరు కొట్టింది. చెవుల్లో జుమ్మంది.

పిడికిలి ఎందుకు బిగించానబ్బా అనుకుని తెరిచాడు. 'జీళ్ళబాబు' అని ఉంది, తన దస్తూరే. ఎవరో కొత్త కస్టమర్ అయ్యుంటాడు. నమోదు చేయకపోతే కోదండపాణి కోప్పడతాడు. ఫోను తీసి కొత్త పేజీ తెరిచి, ఆ పేరు ఎక్కించాడు. ఈమెయిలు తెలియనప్పుడు సేల్స్‌మన్ ఈమెయిలే పడుతుంది, అది పదకొండో పాయింటు. అంతా సరిచూసుకుని, చెయ్యి రుమాలుతో రుద్ది తుడుచుకున్నాడు.

సోమవారం ఉత్తరం అతనికే వచ్చింది. 'జీళ్ళబాబు గారికి, మిమ్మల్ని కలవడం ఎంతో సంతోషం. మీరు కులాసాగా ఉన్నారా?' భావనారాయణ రెండుసార్లు చదువుకున్నాడు. అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. కానీ వేరేవాళ్ళ ఉత్తరానికి జవాబివ్వడం తప్పు కదా, ఊరుకున్నాడు. రెండో సోమవారం, 'మీ మాట కోసం ఎదురుచూస్తున్నాం' అని వచ్చింది. ఎదురుచూసేవాళ్ళున్న ఆ జీళ్ళబాబు అదృష్టవంతుడనుకున్నాడు.

మూడో సోమవారం సాయంత్రం వచ్చింది ఆఖరుది. 'జీళ్ళబాబు గారూ, మీ దగ్గర్నుంచి జవాబు లేదు. మీకు ఆసక్తి లేదని తలుస్తున్నాం. మీ పేరు మా పేజీలన్నిటిలోంచి తీసేసి, ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టం.' అడుగున సేల్స్‌మన్ అనుమతి కోసం ఒక గడి ఉంది.

"పాపం, ఎవరో గానీ, ఒక్క ముక్క జవాబు రాస్తే ఏం పోయేది?" అన్నాడు భావనారాయణ.

పక్క సీటాయన ఇటు తిరగలేదు. భావనారాయణ కాసేపు ఆ పేరు వంక చూసి, గడి మీద 'సరే' నొక్కాడు. ఆరు కొట్టింది. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి, బస్సెక్కి ఇంటికి పోయాడు.