మెలి విప్పిన తీగలు

ఒక పెద్ద అడవిలో ఎండాకాలానికి వాగులన్నీ ఎండిపోయి ఒక్క మడుగు మిగిలింది. అది పెద్దపులి గుహకు కూతవేటు దూరంలో ఉంది. వెళ్ళకపోతే దాహంతో చావాలి, వెళ్తే పులి నోట్లో పడి చావాలి. దుప్పుల మందకు ఉన్న దారులు ఈ రెండే.

మంద పెద్ద ఇప్పమ్మ అడవి సభకు వెళ్ళి మొరపెట్టుకుంది.

"నా మనవరాలు పుట్టి వారం కాలేదు. నీళ్ళు లేక తల్లికి పాలు పడటం లేదు. పులిరాజుగారు మడుగు దగ్గర ఎప్పుడుండరో చెప్పండి, చాలు. అప్పుడే వచ్చి తాగిపోతాం."

సభ కార్యదర్శి నక్క కళ్ళు తుడుచుకుంది. తడి ఉందో లేదో ఎవరూ దగ్గరికెళ్ళి చూడలేదు.

"మీ దాహం మా దాహం కాదా, ఇప్పమ్మత్తా? అడవంతా ఫోన్లు వేయిస్తాం. దారి ఖాళీగా ఉన్నప్పుడు నేనే స్వయంగా ఫోన్ చేసి చెబుతాను."

ఏ పద్ధతిలో వేయాలో తేల్చడానికి ఒక సంఘం వేశారు. దానికి ఎలుగుబంటిని అధ్యక్షుణ్ణి చేశారు. అది అంతకుముందు ఫోన్ అనేదాన్ని చూసి ఉండలేదు కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటుందని అందరూ ఒప్పుకున్నారు.

కాంట్రాక్టరు కోతి చేతులు కట్టుకుని నిలబడింది. "గాజు నార ఒకటుంది సార్. అందులోంచి వెలుగు పంపితే మాట ఎంత దూరమైనా పోతుంది."

"ఆ వెలుగు బయటికి కనపడుతుందా?" అని అడిగింది ఎలుగుబంటి.

"కనపడదు సార్."

"కనపడని వెలుగుకి ప్రారంభోత్సవం ఎలా చేస్తాం? వద్దు."

"పోనీ, తీగే లేకుండా గాలిలో పంపొచ్చు."

నక్క ఉలిక్కిపడింది. "గాలిలో పోయే మాట ఎవడి చెవిలోనైనా పడుతుంది. ప్రభుత్వమన్నాక గుట్టు ఉండొద్దా?"

"అయితే ఇక రాగి తీగే సార్."

మనుషులు రోడ్డు పక్కన వదిలేసిన నల్ల కేబులు చుట్టను కోతులు ఈడ్చుకొచ్చాయి. తొడుగు చీల్చి చూస్తే లోపల తీగలు జతలు జతలుగా ఉన్నాయి. ప్రతి జతలోనూ రెండు తీగలు తాడు పేనినట్టు ఒకదాని చుట్టూ ఒకటి మెలిపడి ఉన్నాయి.

ఎలుగుబంటి మొహం చిట్లించింది. "ఏమిటీ వంకర?"

"అలాగే వస్తాయి సార్."

"వస్తే మాత్రం? గుమ్మం మీద బోర్డు చూశావా?"

సభ గుమ్మం మీద 'మా అడవిలో వంకర లేదు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ బోర్డు ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగే ఉంటుంది, అది వేరే సంగతి.

నక్క అప్పటికే లెక్క కట్టేసింది. మెలి ఉంటే నూరు బారల దారికి నూట అయిదు బారల తీగ పడుతుంది. మెలి విప్పితే నూటికి అయిదు మిగులు. ఎవరికి మిగులు అన్నది లెక్కలో లేదు.

"తీగలన్నీ మెలి విప్పుకుని, తిన్నగా, పక్కపక్కనే, క్రమశిక్షణతో పడుకోవాలి" అని తీర్మానం చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పమ్మ కూడా కొట్టింది. గొంతెండిన వాళ్ళు దేనికైనా కొడతారు.

అసలా మెలి ఎందుకుందని ఒక్కరూ అడగలేదు. తీగలో పోయే మాట పక్క తీగల మీదికి కాస్త ఒలుకుతూనే ఉంటుంది. జత మెలిపడి ఉంటే, ఒక చోట ఈ తీగ, ఇంకో చోట ఆ తీగ పొరుగు జతకు దగ్గరవుతుంది. ఒలికింది రెండింటి మీదా సమానంగా పడి, చివరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. మెలి విప్పితే ఒలికింది ఒలికినట్టే ఉంటుంది. పొరుగింటి గుసగుస మనింట్లో వినిపిస్తుంది.

ప్రారంభోత్సవం రోజున పులి గుహలోంచి "హలో" అంది. కార్యాలయంలోంచి నక్క "హలో, ప్రభూ" అంది. మాట అద్దంలా వినిపించింది. పని నూటికి నూరు శాతం సఫలమైందని ఎలుగుబంటి ప్రకటించింది. పరీక్షించింది ఒక్క జతనే. పక్కన మాట్లాడేవాడే లేనప్పుడు ఒలకడానికి ఏముంటుంది? ఒకే పరీక్ష పెట్టుకుని అందులో పాసైతే, ఎంతటి మొద్దుకైనా నూటికి నూరే వస్తుంది.

మర్నాడు అన్ని ఫోన్లూ కలిపారు.

ఇప్పమ్మ పొద్దున్నుంచీ చెవికి ఫోన్ ఆనించుకుని నిలబడింది. పక్కనే కూతురు, దాని పొట్ట కింద వట్టి పొదుగు చప్పరిస్తున్న మనవరాలు. ఎండ నడినెత్తికొచ్చింది. ఫోన్ మోగలేదు గానీ, లోపల్నుంచి సన్నగా ఏవో మాటలు వినపడ్డాయి.

"ఆకలేస్తోందయ్యా. ఇంకెంతసేపు?" పులి గొంతు.

"మీరు వెళ్ళి రెల్లు వెనక పడుకోండి ప్రభూ." నక్క గొంతు. "మీరు సర్దుకున్నాక దారి ఖాళీ అని వాళ్ళకి చెబుతాను. కొత్తగా పుట్టింది ఒకటుంది, లేతగా ఉంటుంది. నాకు ఎముకలు మిగిల్చండి, చాలు."

ఇప్పమ్మ మనవరాలికి అడ్డంగా జరిగింది. ఫోన్ మాత్రం వదల్లేదు. కాసేపటికి అది గణగణ మోగింది.

"అత్తా, దారి ఖాళీ. పిల్లలతో సహా వచ్చి హాయిగా తాగండి."

"సంతోషం అల్లుడూ. రెల్లులో ముళ్ళుంటాయి, దొరగారిని చూసి పడుకోమను."

అవతల ఫోన్ ఠక్కున పెట్టేసిన చప్పుడైంది.

ఆ రోజు పులి రెల్లులో పడుకుని పడుకుని, విసిగి, గుహకు పోయి, నక్కని ఫోన్లో తిట్టి, దాన్ని పెట్టకుండానే నిద్రపోయింది. దాని గురక కూడా తీగలో వినిపించింది. గురక వినపడగానే మందంతా వెళ్ళి కడుపునిండా తాగింది. తల్లికి పాలు పడ్డాయి.

వారం తిరిగేసరికి అడవిలో అందరూ ఫోన్లకి అతుక్కుపోయారు. మిగిలిన తీగలో వాటా కోసం ఎలుగుబంటి, కోతి తిట్టుకున్న తిట్లని కుందేలు పిల్లలు కంఠతా పట్టాయి.

నక్క సభ పిలిపించింది. "సాంకేతిక కారణాల వల్ల తీగల్ని తిరిగి మెలిపెట్టాలని ప్రతిపాదిస్తున్నాం."

"ఏం కారణాలు అల్లుడూ?" ఇప్పమ్మ లేచింది.

"మాటలు... పక్కకి పోతున్నాయి."

"ఏ మాటలు?"

నక్క పులి వంక చూసింది. పులి ఎలుగుబంటి వంక చూసింది. ఎలుగుబంటి పైకప్పు వంక చూసింది.

"మా అడవిలో వంకర లేదని బోర్డు మీరే పెట్టారు" అంది ఇప్పమ్మ. "రహస్యం ఉంటే చెప్పండి, మెలిపెడదాం. లేకపోతే తిన్నగానే ఉండనివ్వండి. మేమంతా మీ తీర్మానానికి కట్టుబడి ఉన్నాం."

రహస్యం ఉందని చెప్పడానికి ఎవరూ నోరు తెరవలేదు. చేతులెత్తమన్నారు. ఏ అడవిలోనైనా గడ్డి తినేవాళ్ళే ఎక్కువ. ఆ కూడిక చేసి చూసుకోవడం వాళ్ళకదే మొదటిసారి. ప్రతిపాదన వీగిపోయింది.

ఇప్పుడు పులికి ఏదైనా గుట్టుగా చెప్పాలంటే నక్క గుహ ముందున్న మైదానానికి అడ్డంగా, ఎండలో, తన నాలుగు కాళ్ళ మీదే పరిగెత్తాలి. అది గుహ వైపు పరిగెత్తడం కనపడగానే దుప్పులు నీళ్ళకు వెళ్ళడం మానేస్తాయి. బోర్డు ఇంకా ఒరిగే ఉంది.

నీతి: పాలకుల నిజాయితీని నమ్మనక్కర్లేదు, వాళ్ళ తెలివితక్కువతనాన్ని నమ్ముకుంటే చాలు.